పసుపు ఎక్కువైన ఒడిబియ్యం

ఈ మధ్య ఆఫీసుల్లో వేస్తున్న సోఫాల మీద నాకొక ఫిర్యాదు ఉంది. అవి నేలకు మరీ దగ్గరగా ఉంటాయి. కూర్చోవడం తేలికే, భూమ్యాకర్షణ సాయం చేస్తుంది. లేచేటప్పుడు మాత్రం ఎవరి సాయమూ ఉండదు. నా వయసు మోకాళ్లున్న మనిషిని అలాంటి సోఫాలో కూలేసి ఏమడిగినా మర్యాదగా వినక తప్పదు. మొన్న పంజగుట్టలో మా సంఘం కొత్త ఆఫీసులో, మూడో అంతస్తులో, నా మీద ఆ ప్రయోగమే జరిగింది. సెక్రటరీ స్వప్న మంచి పిల్ల. సోషల్ వర్క్ చదువుకుంది. నాకు టీ ఇప్పించి, ఎదురుగా ఎత్తుగా ఉన్న కుర్చీలో కూర్చుని, "మేడం, మీ పెద్దమ్మగారి సీటు ఖాళీగ ఉన్నది. కమిటీల ఆమె జాగాలకు మీరే రావాలని అందరం అనుకున్నం" అంది. ఆలోచించి చెబుతానన్నాను. ఆలోచించడానికి ఏముందో నాకూ తెలియదు. లేవడానికి అదొక సాకు.

పెద్దమ్మ పోయి ఇంకా రెండు నెలలు కాలేదు. ఆమెకు సీటంటూ ఒకటి ఉండేదని నాకు అంతవరకూ తట్టలేదు. నాకు తెలిసిన పెద్దమ్మ కుట్టుమిషను ముందు వీపు లేని స్టూలు మీద కూర్చునేది. సంఘానికి రిజిస్టరు చేసిన పేరు ఒకటుంది, బోర్డు మీద రెండు వరుసలు పడుతుంది. మేమెవరమూ ఆ పేరు వాడలేదు. సంఘం అంటే అమీర్‌పేటలో పెద్దమ్మ ఇంటి ముందుగది. సిరిసిల్ల నుంచి డిగ్రీ చదువుకని వచ్చి నేను ఆ ఇంట్లోనే దిగాను. మా అమ్మకు ఆమె సొంత అక్క. పెదనాన్న అప్పటికే లేరు. ఆయన వదిలివెళ్లినవి రెండు మిషన్లు, గోడకు ఒక 'లేడీస్ టైలర్' బోర్డు, ఊళ్లో ఆగిపోయిన మగ్గం. ఇప్పుడు ఆ ఇల్లున్నచోట అయిదంతస్తుల మేడ లేచింది. ప్రతి అంతస్తులోనూ ఏదో ఒక కంప్యూటరు కోర్సు చెబుతారు. నెల తిరక్కుండా ఉద్యోగం అని బోర్డు మీద రాశారు. అదే చోట నాకు కాజాలు కుట్టడం రావడానికి రెండు వానాకాలాలు పట్టింది. వచ్చిందని పెద్దమ్మ ఆఖరిదాకా ఒప్పుకోలేదు.

ఆ గది వాసన ఇప్పటికీ నాకు ఎక్కడో ఒకచోట తగులుతుంది. మెట్రో స్టేషను కింద బట్టల కొట్టు ముందు నడుస్తుంటే తగులుతుంది. కొత్త గుడ్డలోని గంజి, మిషను నూనె, ఇస్త్రీపెట్టెలో బొగ్గులు, వెనక వంటింట్లో సర్వపిండి గిన్నెకు అంటుకుని కాలుతున్న వెల్లుల్లి, అన్నీ కలిసిన వాసన అది. ఒక్కొక్కటీ విడిగా ఇప్పుడూ దొరుకుతాయి. నాలుగూ ఒకే గదిలో దొరకడం లేదు. పెద్దమ్మ తెల్లవారి లేచి వాకిలి ఊడ్చి, తను టీ తాగేముందు మిషనుకు నూనె పోసేది. అదేమిటంటే, "అది తాగినంకనే నేను తాగాలె. నాకంటె ఎక్కువ పని చేస్తది" అనేది. మధ్యాహ్నం పడుకునే అలవాటు లేదు. రేడియో పెట్టుకునేది గానీ వినేది కాదు. మిషను చప్పుడులో రేడియో, రేడియోలో మిషను కలిసిపోయి, ఇంట్లో మూడో మనిషి ఎవరో గొణుక్కుంటున్నట్టుండేది.

సంఘం ఎలా పుట్టిందని అడిగితే స్వప్న దగ్గర రంగుల పుస్తకం ఉంది, అందులో 'దార్శనికత' అన్న మాట మూడుచోట్ల వస్తుంది. నాకు తెలిసినంతలో సంఘం కొలత టేపులోంచి పుట్టింది. రవిక కుట్టించుకోవడానికి ఎవరైనా వస్తే పెద్దమ్మ టేపు భుజం మీద వేసేది. కొందరు ఉలిక్కిపడేవాళ్లు. కొందరు చెయ్యి ఎత్తమంటే సగం ఎత్తి ఆగిపోయేవాళ్లు. పెద్దమ్మ ఏమీ అడిగేది కాదు. "జర వదులుగ కుడ్త తియ్యి" అని, "కూసో, చాయ్ తాగి పో" అనేది. మళ్లీ రమ్మని ఏదో ఒక పని చెప్పేది. మూడోసారికో నాలుగోసారికో ఆ మనిషే ఇంట్లో తింటున్న దెబ్బల గురించి నోరు విప్పేది. అలా నోరు విప్పినవాళ్ల కోసం ఏదో ఒకటి చెయ్యాలి కదా, అందుకని ఇద్దరు మనుషులు తోడయ్యారు. దార్శనికత అంటే ఇదే అయితే నాకు అభ్యంతరం లేదు.

తోడైనవాళ్లలో ఒకరు నర్సింహులు మామ, పెద్దమ్మకూ మా అమ్మకూ తమ్ముడు. మాసబ్ ట్యాంక్‌లో ఏదో సర్కారు ఆఫీసులో గుమాస్తా. ఎక్కడికెళ్లినా ముందు మంచినీళ్లు అడిగేవాడు, తర్వాత ఫ్యాను కింద కుర్చీ చూసుకునేవాడు, ఆ తర్వాత మాట్లాడేవాడు కాదు. ఆఫీసులో ఆయన దగ్గరికి వెళ్లిన ఫైలు కూడా అలాగే ఉండేదని గిట్టనివాళ్లు అనేవాళ్లు. రెండోవారు కామేశ్వరిగారు. తెనాలి వైపు మనిషి, పంజగుట్టలో కాపురం, కాలేజీలో ఎకనామిక్స్ చెప్పేవారు. మొదటిసారి బ్లౌజు కుట్టించుకోవడానికి వచ్చారు, రెండోసారి చేతులు పొడుగైపోయాయని పోట్లాడటానికి వచ్చారు, మూడోసారి ఎందుకొచ్చారో ఎవరికీ గుర్తులేదు, ఇక ఉండిపోయారు. "ఏంటండీ ఈ అన్యాయం" అనడం ఆవిడ ఊతపదం. బ్లౌజు చేతుల గురించైనా, భర్త ఇంట్లోంచి గెంటేసిన మనిషి గురించైనా అదే గొంతుతో అనేవారు. పెద్దమ్మ ఆవిడను "మేడం" అనేది, వెనకాల కూడా అలాగే అనేది. అది మా ఇంట్లో చాలా గొప్ప గౌరవం.

వీళ్లు చేసిన పనికి ఒక పద్ధతి ఉండేది. మా తెలంగాణలో పెళ్లయిన ఆడపిల్లకు పుట్టింటివాళ్లు కొన్నేళ్లకోసారి ఒడిబియ్యం పోస్తారు. పసుపూ నూనె కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, రవికగుడ్డ, పైన ఒక చీర పెట్టి, ఆమె కొంగు పట్టుకుంటే దోసిళ్లతో ఒళ్లో పోస్తారు. ఆ బియ్యం అత్తింట్లోనే వండి అందరూ తింటారు. ఈ పిల్లకు వెనక మనుషులున్నారని అత్తింటికి గుర్తుచెయ్యడానికి అంతకన్న మర్యాదైన మార్గం నేను చూడలేదు. అత్తింటి గొడవ సర్దుకుని తిరిగి వెళ్లే మనిషికి పుట్టిల్లు లేకపోతే, ఉన్నా రానివ్వకపోతే, సంఘమే పుట్టిల్లయ్యేది. ముగ్గురూ సంచులతో వెళ్లి, వాడకట్టంతా చూస్తుండగా ఒడి నింపి వచ్చేవాళ్లు. "పోలీసోళ్లు వస్తె ఒక్కదినం భయపడ్తరు. పుట్టింటోళ్లు వస్తె పండుగ పండుగకు భయపడ్తరు" అనేది పెద్దమ్మ. అన్నదమ్ముల స్థానంలో ఎప్పుడూ మామే. కుర్చీలో నిశ్శబ్దంగా కూర్చోవడం ఆయనకు వచ్చిన విద్య, దానికి అక్కడ విలువ దొరికింది. ఆ మౌనం చూసి, ఈయన ఎంత పెద్ద ఆఫీసరో అని అవతలివాళ్లు కంగారుపడేవాళ్లు. మామ భార్య, మా అత్తమ్మ మాత్రం, "ఇద్దరాడిబిడ్డలని చెప్పి పెండ్లి చేసిండ్రు నాకు" అనేది. కోపంగా కాదు, బయట మబ్బు పట్టిందని చెప్పినట్టు.

ఒక్క సంగతి మాత్రం నేను చాలా రోజులకు గమనించాను. బియ్యం కలిపేది పెద్దమ్మ. కుడుకలు ఏరేది, చీర ఎంచేది, సంచి కట్టేది పెద్దమ్మ. అక్కడికి వెళ్లాక మాత్రం గుమ్మం పక్కన గోడకానుకుని నిలబడేది. పోసేది కామేశ్వరిగారు. భర్త పోయిన మనిషి ఒడిబియ్యం పొయ్యకూడదు, పోయించుకోకూడదు. ఈ మాట మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ పైకి అనలేదు. తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. తెలియనివాళ్లకు చెప్పాలని తెలిసినవాళ్లకు తట్టదు. ఇక నేను పెళ్లికాని పిల్లను కాబట్టి సంచి మోసే హోదా దాటలేదు. తర్వాత కూడా పెళ్లి చేసుకోలేదు, దానికి పెద్ద కారణమేమీ లేదు, చిన్న కారణాలు చాలా ఉన్నాయి.

యాదమ్మ ఆ రోజుల్లోనే వచ్చింది. బోరబండలో ఉండేది. భర్త సనత్‌నగర్‌లో వెల్డింగు పని చేసేవాడు, జ్వరమొచ్చి పోయాడు. అత్తగారింట్లో రెండే గదులు, అందులో ఒకటి ఆ మనిషి ఆదివారాలు ఇటుకలు మోసి తన చేత్తో కట్టుకున్నది. కర్మలు అయ్యీ కాకముందే మరిది, "వదినా, మీ అమ్మగారింటికి పో" అన్నాడు. యాదమ్మకు అమ్మగారిల్లు లేదు. చిన్నప్పుడే తల్లీ తండ్రీ పోతే ఎవరో దూరపు బంధువు పెంచి, పెళ్లి చేసి, చేతులు దులుపుకున్నాడు. చంకలో ఆడపిల్ల. మా ముందుగదిలో చాప మీద కూర్చుని ఆమె పెద్దమ్మను ఏడుస్తూ ఏమీ అడగలేదు. "నాకేమొద్దమ్మా. గా అర్రల నన్నుండనిస్తె చాలు. మా ఆయన కట్టిండు దాన్ని" అంది. పెద్దమ్మ దారం కొరుకుతూ, "ఆదివారం వస్తం తియ్యి. మాట్లాడ్తం" అంది.

మాట్లాడటానికి మాత్రమే వెళ్తున్నామని నాకు తెలుసు. మామకూ తెలుసు. ఈ ఆచారంలో నియమాలు తెలియని కామేశ్వరిగారికి చెప్పాలని ఎవరికీ తోచలేదు. ఆదివారం నేను పంజగుట్ట వెళ్లి ఆవిడతో ఆటో ఎక్కాను. పెద్దమ్మా మామా బస్సులో వస్తామన్నారు. ఆవిడ ఒళ్లో ఒక స్టీలు డబ్బా ఉంది. ఇంటినుంచి ఏదో తినడానికి తెస్తున్నారనుకున్నాను. యాదమ్మ ఇంటిముందు దిగి, మిగతావాళ్లు రాలేదని చూసి, "మనం మొదలుపెట్టేద్దాం సుజాతా, ఎండెక్కుతోంది" అని ఆవిడ డబ్బా మూత తీశారు. లోపల పసుపు బియ్యం. అప్పటిదాకా ఎన్నోసార్లు పోశారే గానీ ఎప్పుడూ కలపలేదు. ఈసారి సొంతంగా, శ్రద్ధగా కలిపి తెచ్చారు. పసుపు విషయంలో చెయ్యి బాగా ధారాళమైంది.

నేను వెనకనుంచి ఆవిడ కొంగు లాగాను. "ఉండమ్మా, సంచి తర్వాత పట్టుకుందువుగాని" అన్నారు. అప్పటికే యాదమ్మను పీట మీద కూర్చోబెట్టి, "కొంగు పట్టమ్మా" అంటున్నారు. యాదమ్మ ఆవిడ మొహం చూసింది, నా మొహం చూసింది. కొంగు పట్టింది. ఎందుకు పట్టావని తర్వాతెప్పుడో అడిగితే, "ఇంతవరకు నాకెవ్వలు పొయ్యలే. పోస్తమని వచ్చినోళ్లను వద్దంటనా" అంది. కామేశ్వరిగారు ఒక దోసెడు పోశారు, ఇంకో దోసెడు పోశారు. వాడకట్టు ఆడవాళ్లు గిన్నెలు తోమడం ఆపేశారు. తర్వాత ఆవిడ బొట్టు పెట్టడానికి కుంకుమ భరిణె తీసి, వేలు ముంచి, యాదమ్మ నుదుటి దాకా తెచ్చి, అక్కడ ఆగిపోయారు. ఆ ఖాళీ నుదుటిని అప్పుడు చూశారు. వేలు అలాగే గాల్లో ఉంది. "సుజాతా, నేనేమైనా తప్పు చేశానా?" అన్నారు, ఆవిడ నోట నేనెప్పుడూ వినని గొంతుతో.

నా బదులు గుమ్మంలోంచి యాదమ్మ అత్త చెప్పింది. "గిదేం పద్ధతి? మొగడు పోయినదానికి ఒడి నింపుతరా? చదువుకున్నోళ్లు చేసే పనేనా ఇది?" ఆమె నుదురు కూడా ఖాళీగానే ఉంది, ఎన్నేళ్ల నుంచో. మరిది లోపల్నుంచి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వాడికి అది పండుగలా ఉంది. వచ్చినవాళ్లే అశుభం చేశారు, ఇక వాళ్ల మాట ఎవరు వింటారు. యాదమ్మ కొంగు వదల్లేదు. వదిలితే బియ్యం నేలపాలవుతాయి. పట్టుకుంటే అపచారం. ఆమెకు ఆ గదిలో ఉండే దారి ఆ నిమిషంలో మూసుకుపోతోందని నాకు అర్థమైంది. జోకులు వెయ్యడం నాకు వచ్చిన ఒకే విద్య, అది ఆ నిమిషంలో ఎందుకూ పనికిరాలేదు.

వీధి మొదట్లో పెద్దమ్మ కనిపించింది, వెనక గొడుగుతో మామ. ఆమె వచ్చి అందరి మొహాలూ చూసింది, డబ్బాలోకి చూసింది. గోడకానుకుని నిలబడే చోటు ఆ ఇంటికీ ఉంది, గుమ్మం పక్కన. ఆమె అటువైపు పోలేదు. పంపు దగ్గర చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, "మేడం, సగంల ఎందుకు ఆపిండ్రు?" అంది. డబ్బాలోంచి రెండు చేతులా బియ్యం తీసి యాదమ్మ ఒళ్లో పోసింది. ఆ చేతులు చేసే పనులన్నీ నేను రోజూ చూసేదాన్ని. వాటిని ఆ పని చేస్తుండగా మొదటిసారి చూశాను. గొంతు రవిక కొలతలు చెప్పినట్టే ఉంది. "నేను సుత మొగడు పోయినదాన్నే అక్కా" అంది, అత్త వైపు తిరిగి. "నువ్వు సుత అంతే. మొగడు పోతె పోతడు. పుట్టిల్లెందుకు పోవాలె? నా బిడ్డకు నేను పోసుకుంటున్న."

మరిది అన్నాడు. "పోసుడైతె పోసిండ్రు గని, అర్ర మాత్రం ఖాళీ చెయ్యాలె." అప్పుడు నర్సింహులు మామ మాట్లాడాడు. సంఘం పని మీద ఆయన మాట్లాడగా నేను విన్నది అదొక్కసారే. "ఒడిబియ్యం అత్తింట్లనే వండాలె గద తమ్మీ" అన్నాడు, మంచినీళ్లు అడిగినంత మామూలుగా. "ఆమె పొయ్యి ఎక్కడున్నదో జర చూపియ్యి. ఆకలైతున్నది."

యాదమ్మ ఆ గదిలో పొయ్యి వెలిగించింది. మేమందరం బయట కూర్చున్నాం. కామేశ్వరిగారు పీట మీద కూర్చుని కళ్లజోడు తుడుస్తూనే ఉన్నారు. అన్నం బంతిపువ్వు రంగులో దిగింది. ముందు మామ తిన్నాడు, రెండుసార్లు పెట్టించుకున్నాడు. తర్వాత యాదమ్మ కూతురు తింది. అత్త చాలాసేపు గుమ్మంలోనే కూర్చుని, ఆ తర్వాత కంచం జరిపింది. రెండు ముద్దలు తిని, "పసుపెక్కువైంది" అంది. నాకు ఆ ఇంట్లో వినబడిన మొదటి మంచిమాట అది. వంటకు వంక పెట్టే అత్త కోడల్ని బయటికి పంపదు. మరిది తిన్నాడో లేదో మేము చూడలేదు. అర్ర మాట మళ్లీ ఎత్తలేదు.

దీని ఖరీదు పెద్దమ్మే చెల్లించింది. భర్త పోయినవాళ్లకూ, భర్త వదిలేసినవాళ్లకూ ఆ తర్వాత ఆమే తన చేత్తో పొయ్యడం మొదలుపెట్టింది. ఆ కబురు మా వీధికి చేరింది. పేరంటాలకు ఆమెను పిలవడం ఎప్పుడో మానేశారు, ఇప్పుడు పెళ్లి రవికలు కుట్టడానికి ఇవ్వడం కూడా కొందరు మానేశారు. ఎదురింటావిడ పొద్దున్నే వాకిట్లో కనిపిస్తే లోపలికి వెళ్లిపోయేది. పెద్దమ్మ మిషనుకు నూనె పోస్తూ, "ఆమెకేదో పని గుర్తుకొచ్చినట్టున్నది" అనేది. కొన్ని మధ్యాహ్నాలు రేడియో కట్టేసి ఉండేది, అంతే.

మామ పోయాడు, కామేశ్వరిగారూ పోయారు. సంఘం పంజగుట్టకు మారింది, పెరిగింది. పాతరోజులే బాగున్నాయని చెప్పడం నా వయసుకు సులువు గానీ, నిజం కాదు. ఇప్పుడు ఏ వేళైనా ఫోను ఎత్తే మనిషి ఉంది, వకీలు ఉంది, డాక్టరు వస్తుంది, తలదాచుకోవడానికి ఒక ఇల్లుంది. మా ముందుగదికి రాలేక, వచ్చినా నోరు విప్పలేక వెళ్లిపోయినవాళ్లు ఎందరో, వాళ్లకు అప్పుడు ఇవేవీ లేవు. ఒడిబియ్యం పద్ధతిని కమిటీ ఎప్పుడో పక్కన పెట్టింది. దాని బదులు తువ్వాలు, సబ్బు, ఫోను నంబర్లున్న కార్డు వేసి ఒక కిట్టు ఇస్తారు. "అందరివీ ఒక్క ఆచారాలు కావు గదా మేడం. కొందరికి ఇబ్బందయితది" అని స్వప్న చెప్పింది. సరైన మాట, నేను కాదనలేదు. పెద్దమ్మ కూడా కాదనలేదు. తను మాత్రం అడిగినవాళ్లకు ఇంట్లోనే, మంచం పట్టేదాకా పోస్తూ ఉంది. ఇక్కడ ఎవరూ టేపు వెయ్యరు, ఏం జరిగిందో నేరుగా అడుగుతారు, అది కూడా మంచి పద్ధతేనని నాకు తెలుసు. అయినా ఆ మూడో అంతస్తులో, శుభ్రమైన ఆ ఏసీ గాలిలో, నేను ముక్కుతో వెతుక్కుంటున్నది గంజి వాసన.

స్వప్న గదిలోంచి బయటికి వస్తే ఎదుటి హాల్లో కుట్టు క్లాసు నడుస్తోంది. యాదమ్మ నేర్పుతుంది అక్కడ. జుట్టంతా తెల్లబడింది. ఆ అర్ర మీద ఇంకో అంతస్తు లేచింది, కూతురు నర్సు అయింది. అత్తను ఆఖరున మంచంలో కడిగి ఎత్తింది ఈమే. నన్ను చూసి ఒక పిల్లకు కత్తెర అప్పగించి మెట్లదాకా వచ్చింది.

"ఒప్పుకున్నవా అక్కా?"

"ఆలోచిస్త అని చెప్పిన."

"ఏం ఆలోచన?"

"మీటింగులల్ల నాకు నిద్రొస్తది యాదమ్మా. మామ పోలికలు."

ఆమె నవ్వలేదు. గోడ మీద ఏదో మరక ఉన్నట్టు చేత్తో తుడుస్తూ, "అమ్మ నాకు పోసి అయిదో ఏడు నడుస్తున్నది. ఈ ఏడు మళ్ల పోస్త అన్నది. పోసేముందే పాయె" అంది.

"నేను పొయ్యొచ్చో లేదో గద. నాకు పెండ్లే కాలే" అన్నాను. తేలిగ్గానే అన్నాను. నా గొంతు నాకే ఆ రోజు బోరబండలో విన్న కామేశ్వరిగారి గొంతులా వినిపించింది.

"నీ పెండ్లి సంగతి నేనడిగిన్నా అక్కా?" అంది యాదమ్మ. "నాకు పుట్టిల్లున్నదా, అమ్మతోనే పోయిందా? గది చెప్పు."